పెరుగన్నం మత్తు

మా ఆయన తాగి, అయ్యప్ప పడిమెట్ల మీద పడిపోయాడు. అదీ మెడలో మాల ఉండగా. అదీ నందిగామలో మా అన్నయ్య ఇంట్లో, పడిపూజకి వచ్చిన స్వాములందరూ చూస్తుండగా. ఆ సాయంత్రం ఆ హాల్లో ఉన్నవాళ్లలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. నన్ను అడిగినా అప్పుడు ఇదే చెప్పేదాన్ని.

ఆయన సంగతి ముందు చెప్పాలి. మాది జగ్గయ్యపేట. బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. గరిటెల నుంచి గంగాళాల దాకా అన్నీ అమ్ముతాం. మా ఆయన చుక్క ముట్టని మనిషి. ముట్టకపోవడం చిన్నమాట, ఆయనకి మందంటే పగ. మా మావగారు తాగి తాగి నడివయసులోనే పోయారు. ఆయన తూలుతూ ఇంటికి రావడం, మా అత్తయ్య గుమ్మంలోకి ఎదురెళ్లి లోపలికి లాక్కురావడం ఈయన చిన్నప్పుడు రోజూ చూసిందే. అందుకని దగ్గుమందు కొన్నా సీసా వెనక సన్నక్షరాలన్నీ చదివి, అందులో ఆల్కహాలు ఉంటే అక్కడికక్కడే తిరిగిచ్చేస్తాడు. పెళ్లిళ్లలో మందు గుంపు ఎటుంటే ఈయన దానికి ఎదురువైపు. మరీ ఇంత చాదస్తమైతే ఎలాగండీ అని నేనే విసుక్కునేదాన్ని.

మాల వేసుకోవడానికి ముందు సంవత్సరం ఆయన చావు దాకా వెళ్లొచ్చాడు. పేగులకి రక్తం అందకుండా పోయిందన్నారు. విజయవాడలో ఆపరేషన్ చేసి, చిన్నపేగులో చాలా భాగం కోసి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమన్నారు, ఒకేసారి కడుపునిండా అన్నం, తీపి పదార్థాలు వద్దన్నారు. ఎందుకని మేం అడగలేదు. అరగదు కాబోలు అనుకున్నాం. ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీద పడుకుని, బతికి బయటపడితే మాల వేసుకుంటానని మొక్కుకున్నాడట. ఏడాది తిరిగి ఒంటికి కాస్త కండ పట్టాక ఆ మొక్కు తీర్చడానికి సిద్ధమయ్యాడు.

మాల అంటే ఏమిటో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, కాళ్లకి చెప్పుల్లేకుండా తిరగడం. మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, సాయంత్రం ఏదో కాస్త అల్పాహారం. ఆ భిక్ష కూడా ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. విస్తట్లో పడింది మెతుకు వదలకూడదు. పెట్టేవాళ్లేమో స్వామికి పెడితే పుణ్యమని వడ్డిస్తూనే ఉంటారు. పులిహోర, పాయసం, పప్పన్నం, ఆఖర్ని గరిటెలతో పెరుగు.

“కొంచెం కొంచెం తినమన్నారు కదండీ డాక్టర్లు. ఒక్కపూట ఇంత తింటే ఎట్లా?” అన్నాను.

“స్వామి చూసుకుంటాడు మాతా,” అన్నాడు.

మాత! దీక్షలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందర్నీ అలాగే పిలవాలి, నిజమే. కానీ కట్టుకున్న పెళ్లాన్ని మొహం తిప్పకుండా మాతా అని పిలిచి, పప్పులో ఉప్పు తక్కువైందని అదే నోటితో చెబితే ఒళ్లు మండదా? నేనూ కసి కొద్దీ ఆయన్ని స్వామీ స్వామీ అని ప్రతి మాటకీ పిలిచేదాన్ని. మొదటి వారం ఇంట్లో నవ్వులాటగానే గడిచింది.

ఇక పెరుగు సంగతి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ మా అత్తయ్య పెరుగు మీద పడింది. పేగు పోయినవాడికి పెరుగే మందని ఆవిడ నమ్మకం. గేదెపాలు దగ్గరుండి పిండించుకొచ్చి, మట్టికుండలో తోడుపెట్టి, గడ్డ పెరుగు కొడుక్కి తినిపించేది. ఆవిడ ఒక్కతే కాదు, ఊరంతా ఆ మాటే అన్నారు. పెరుగులో మంచి బ్యాక్టీరియా ఉంటుంది, పొట్ట బాగుంటే బుర్ర చురుగ్గా ఉంటుందని ఫోన్లో వచ్చే వీడియోలు మా చుట్టాలు నాకు పంపని రోజు లేదు. నేనూ అవి చూసి తలూపినదాన్నే.

ఒకరోజు మధ్యాహ్నం భిక్షకి వెళ్లొచ్చి కొట్లో కూర్చున్నాడు. నేను పక్కనే కొత్త సరుకు విప్పుతున్నాను. సాయంత్రానికి ఒకావిడ వచ్చి అట్లకాడ అడిగింది. ఈయన లేచి అట్లకాడ తీశాడు. తీసి, దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడిపోయాడు. “ఇది... ఇది... దీన్నేమంటారు?” అన్నాడు. నాలుక మడతపడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గిన్నెల మధ్య పెరిగిన మనిషి! ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. మొహం చూస్తే ఎగతాళి లేదు. కళ్లు ఎటో చూస్తున్నాయి. కౌంటర్ పట్టుకుని ఒక అడుగు వేసి, పక్కకి ఒరిగిపోయాడు. ఆ వచ్చినావిడ ఆయన్ని, మెడలో మాలని మార్చి మార్చి చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది.

ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మం దాటబోయి గడప తట్టుకుని తూలాడు. లోపల్నుంచి అత్తయ్య చూసింది. గబగబా వచ్చి, కొడుకు మొహం రెండు చేతుల్తో పట్టుకుని, నోరు వాసన చూసింది. మాలలో ఉన్నవాడని కూడా ఆలోచించలేదు.

“వాసన లేదే అమ్మాయ్,” అంది. “కానీ నడక అదే. ఆ నడక నాకు తెలీదా? ఇప్పుడు వాసన రానివి కూడా అమ్ముతున్నారంటగా,” అంది.

అత్తయ్య ఏడవలేదు, అరవలేదు. వంటింట్లోకి వెళ్లి ఇంత అన్నంలో గడ్డ పెరుగు కలుపుకొచ్చి, కొడుకుని గోడకి చేరేసి కూర్చోబెట్టి ముద్దలు పెట్టింది. పైన గ్లాసుడు మజ్జిగ తాగించింది. “పెరుగు పడితే దిగుద్ది. మీ మావయ్యకి ఎప్పుడూ ఇంతే,” అంది. తిన్నాక ఆయన మాట ఇంకాస్త ముద్దగా అయింది. మత్తు దిగేటప్పుడు అలాగే ఉంటుంది కాబోలనుకున్నాం. పడుకున్నాడు. తెల్లారేసరికి మామూలు మనిషి. “చూశావా, దిగింది,” అంది అత్తయ్య.

తర్వాత మళ్లీ అయింది. ఇంకోసారి అయింది. ప్రతిసారీ అత్తయ్య పెరుగన్నం కలపడం, పొద్దున్నకి ఆయన తేలిగ్గా లేవడం. లేచి ఆయన చెప్పేది ఒకటే. “నేను తాగలేదు మాతా. ఒట్టు.” మరి ఏమైందండీ అంటే, తెలీదు, ఏదో పొగమంచులో ఉన్నట్టుంది, మాట్లాడాలనుకున్న మాట నోటికి అందడం లేదు, అని తల పట్టుకునేవాడు. తాగినవాళ్లందరూ అలాగే అంటారని అత్తయ్య పెదవి విరిచేది. నేను మాత్రం నమ్మాలనే చూశాను. నీరసం అనుకున్నాను, ఒక్కపూట తిండి వల్ల అనుకున్నాను.

ఆ నమ్మకం కూడా ఒక పొద్దున్నే పోయింది. పూజ కాగానే ఆయన కొట్టుకి వెళ్లిపోయాడు, ఫోన్ మర్చిపోయి. ఇద్దామని వెనకే వెళ్లాను. షట్టర్ సగమే లేచి ఉంది. వంగి చూస్తే, లోపల మా ఆయన వరసగా పేర్చిన బిందెల్ని ఒక్కొక్కటే దించి, లోపలికి చెయ్యి పెట్టి తడుముతున్నాడు. మూతలున్న డబ్బాలు తెరిచి చూస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

“ఏంటండీ వెతుకుతున్నారు?”

“ఏం లేదు మాతా. ఏం లేదు.” చెయ్యి బిందెలోంచి చటుక్కున తీసేశాడు.

ఇంకేం కావాలి? సీసా ఎక్కడో దాచుకుని వెతుక్కుంటున్నాడని అర్థమైపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కొట్లో జరిగింది ఈలోపు ఊళ్లో పాకింది. మా గురుస్వామి ఇంటికొచ్చారు. మాల వేసేది, తీసేది ఆయనే. మెత్తటి మనిషి. “స్వామీ, ఏదో వింటున్నా. నేను నమ్మలేదు. కానీ నా కళ్లతో చూస్తే మాత్రం అప్పటికప్పుడు మాల తీసేస్తానండి. తప్పుగా అనుకోవద్దు,” అన్నారు. మా ఆయన మాల పట్టుకుని ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణం విని నాకు జాలి వేయలేదు. బిందెలు కళ్లముందు కనపడుతున్నాయి మరి.

అలాంటి పరిస్థితిలో నందిగామలో మా అన్నయ్య తన ఇంట్లో భిక్ష, సాయంత్రం పడిపూజ పెట్టుకున్నాడు. మా గురుస్వామిని కూడా పిలిచాడు. అరటిబోదెలతో పద్దెనిమిది మెట్లు కట్టించి, పూలు చుట్టి, మెట్టుమెట్టుకీ దీపం పెట్టించాడు. మధ్యాహ్నం భిక్షలో మా వదిన ఇంటి అల్లుడని కొసరి కొసరి పాయసం పోసింది. మా అత్తయ్య జగ్గయ్యపేట నుంచి తన పెరుగు కుండ మోసుకొచ్చింది. ఆయన విస్తట్లో మెతుకు మిగల్చలేదు.

సాయంత్రం పూజ మొదలైంది. హారతి పళ్లెం మా ఆయన చేతికిచ్చారు. శరణుఘోష చెప్పమన్నారు. నోరు తెరిచాడు. వచ్చింది శరణుఘోష కాదు, ఏదో ముద్ద. రెండో మాటకి అందరూ తలలు తిప్పారు. పళ్లెం పక్కకి వాలింది, కర్పూరం కింద పడింది, ఆయన ముందుకి తూలి ఆ మెట్ల మీద బోర్లా పడిపోయాడు. దీపాలు ఒరిగాయి. దీపపు కుంది తగిలి నుదురు చీలి రక్తం కారుతోంది. ఎవరో ఆడగొంతు “మాలలో తాగాడమ్మా!” అంది.

గురుస్వామి వచ్చి, కింద పడున్న మనిషి తల పైకెత్తి, మెడలోంచి మాల తీసేశారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. మా ఆయన మాత్రం ఏం జరుగుతోందో తెలియనట్టు చూస్తూ ఉండిపోయాడు. అంత రభసలోనూ అత్తయ్య గ్లాసుతో పెరుగు తెచ్చి కొడుకు నోట్లో పోసింది.

నందిగామలోనే కట్టు కట్టించాం. తలకి దెబ్బ కాబట్టి విజయవాడ తీసుకెళ్లి స్కాన్ తీయించమన్నారు. అన్నయ్య కారు తీశాడు. దారి పొడుగునా పళ్లు నూరుతూనే ఉన్నాడు. కీసర దగ్గర హైవే మీద పోలీసులు బళ్లు ఆపి డ్రైవర్లకి ఊదిస్తున్నారు. అన్నయ్యకి ఊదించారు, ఏమీ లేదు. కానిస్టేబుల్ వెనక సీట్లోకి టార్చి వేసి, నల్లబట్టల్లో నా భుజం మీద వాలిన మనిషిని చూసి నవ్వాడు. “ఏంటి స్వామీ, దీక్షలోనా?” అన్నాడు.

“ఆయనకీ ఊదించండి సార్,” అన్నాడు అన్నయ్య కసిగా. “ఎంత తాగాడో తేలిపోద్ది.”

“అన్నయ్యా, ఊరుకో,” అన్నాను. వినలేదు. మా ఆయన నోటికి గొట్టం పెట్టారు. రెండు మూడుసార్లు బతిమాలితే ఊదాడు. కానిస్టేబుల్ మిషన్ చూశాడు. నవ్వు ఆగిపోయింది. మళ్లీ ఊదించాడు. మళ్లీ చూశాడు.

“సున్నా ఉందండి,” అన్నాడు.

“మిషన్ పాడై ఉంటది,” అన్నాడు అన్నయ్య.

“ఇందాకే ఒక లారీ ఆయన్ని పట్టించిందండీ ఇదే మిషన్. ఈయన తాగలేదు. ముందు ఆస్పత్రికి పోనివ్వండి.”

అన్నయ్య పళ్లు నూరడం మాని కారు ముందుకి పోనిచ్చాడు. ఇన్ని రోజులూ తాగుతున్నాడని కుమిలిపోయాను. తాగలేదని తెలిశాక అంతకు పదింతలు భయం పట్టుకుంది. తాగకుండా ఈ మనిషి ఇలా ఎందుకైపోతున్నాడు?

ఆస్పత్రిలో మెదడు స్కాన్ తీశారు. శుభ్రంగా ఉంది. రక్తంలో ఆల్కహాలు చూశారు, లేదు. కానీ రక్తం పులిసి ఉందన్నారు, అంటే ఏదో ఆమ్లం పెరిగింది. అది ఏ ఆమ్లమో మామూలు పరీక్షల్లో దొరకడం లేదు. అన్నం నీళ్లు ఆపేసి సెలైన్ ఎక్కించారు. మర్నాడు పొద్దున్న అత్తయ్య బస్సెక్కి వచ్చింది, వెనకే పొట్ట డాక్టరమ్మ వచ్చింది. డాక్టరమ్మ మా ఆయన తలకి కట్టిన కట్టు వంక చూడనే లేదు. బనీను ఎత్తి పొట్ట మీద ఆపరేషన్ గీత చూసి, మా అత్తయ్య వైపు తిరిగింది.

“పెద్దమ్మా, నిన్న ఏం తిన్నాడు?”

అత్తయ్య గొప్పగా మొదలుపెట్టింది. పులిహోర, పాయసం, అన్నం, మళ్లీ అన్నం. “పెరుగు మాత్రం నాదేనమ్మా. మత్తెక్కినప్పుడల్లా అదే పెడతా. దానివల్లే ఈ మాత్రమన్నా ఉన్నాడు.”

“ఎంత పెడతారు?”

అత్తయ్య రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ చెప్పింది నాకు మాటమాటా గుర్తుంది, ఎందుకంటే ప్రతి మాటకీ నా నోరు తెరుచుకుపోయింది.

“చిన్నపేగు పొడుగ్గా ఉంటే అన్నం దార్లోనే అరిగి ఒంటికి పడుతుందమ్మా. ఈయనకి ఆ దారే లేదు. తిన్న అన్నం, తీపి అరక్కుండానే పెద్దపేగులోకి పోయి పడుతోంది. అక్కడ కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి, మనందరికీ ఉంటాయి. వాటికి ఒక్కసారిగా అంత తిండి దొరికేసరికి, పాలు తోడుకున్నట్టు దాన్నంతా పులియబెట్టేస్తున్నాయి. అప్పుడు పుట్టే ఒక రకం ఆమ్లాన్ని మన ఒళ్లు తొందరగా వదిలించుకోలేదు. అది రక్తంలో కలిసి మెదడు మీద పనిచేస్తుంది. మాట తడబడుద్ది, నడక తూలుద్ది, బుర్ర పనిచెయ్యదు. చూసేవాళ్లకి అచ్చం తాగినట్టే. ఆ పరీక్ష వేరే చోటికి పంపాలి, పంపుతున్నా. కానీ నా అనుమానం అదే.”

“మరి పెరుగు?” అన్నాను.

“పెరుగులో కూడా అలాంటి జాతివే ఉండొచ్చు. మీకూ నాకూ మంచిదే. ఈయనకి మాత్రం నేను చెప్పేదాకా పెరుగొద్దు. తిండి కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. ఒక్కపూట భోజనాలు అసలొద్దు.”

పొట్టలో కంటికి కనపడని పురుగులు మనిషి నోట్లో మాటని తిప్పేస్తాయా? అట్లకాడ పేరు మర్చిపోయేలా చేస్తాయా? ఒక మనిషి పరువు, మాల, మా కాపురం, అన్నీ పాయసం గిన్నె దగ్గర, పెరుగు కుండ దగ్గర తేలిపోయాయా? “మా ఆయన్ని మందు మింగింది. వీణ్ణి పెరుగు మింగబోయిందా తల్లీ?” అంది అత్తయ్య, డాక్టరమ్మనే నిలదీస్తున్నట్టు.

ఆ బ్యాక్టీరియాని అణిచే మందులిచ్చారు, రక్తంలో పులుపు విరగ్గొట్టే మందు ఎక్కించారు. ఆ మర్నాటికి మా ఆయన కళ్లు తెరిచాడు. మాట స్పష్టంగా ఉంది. “కొట్టు తీశారా మాతా?” అన్నాడు. చెయ్యి అలవాటుగా మెడ మీదకి వెళ్లింది. మాల లేదు. తడుముకున్నాడు. మళ్లీ తడుముకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత పరీక్ష ఫలితం కూడా వచ్చింది. డాక్టరమ్మ అనుమానమే నిజం.

ఇంటికొచ్చాక గురుస్వామి వచ్చారు. కొత్త గుడ్డలో చుట్టిన మాల చేతిలో ఉంది. అన్నయ్య అంతా చెప్పాడట. ఆయన కూర్చోలేదు.

“నన్ను క్షమించండి స్వామీ. పడిపోయిన మనిషికి ఏమైందో అడక్కుండా మాల తీశా. డాక్టరు చెప్పినట్టే తినండి, ఎన్నిసార్లన్నా తినండి. అయ్యప్ప ఏమీ అనుకోడు. మీరు తాగలేదని నాకైనా తెలియాల్సింది.”

“నాకే తెలీదు కదా స్వామీ,” అన్నాడు మా ఆయన.

గురుస్వామికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

“అందరూ తాగావంటున్నారు. మా అమ్మే అంటోంది. ఆవిడకన్నా తెలిసినవాళ్లెవరు? మా నాన్నకీ పొద్దున్నకి ఏదీ గుర్తుండేది కాదు. నేనూ తాగే ఉంటా, గుర్తులేదంతే అనుకున్నా. రోజూ పొద్దున్నే కొట్టుకెళ్లి, సీసా ఎక్కడ దాచానో అని బిందె బిందె వెతికేవాణ్ణి. దొరికితే పారబోద్దామని.”

వంటింటి గుమ్మంలో అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఒక్కదాంట్లోనూ దొరకలేదు స్వామీ. దాంతో ఇంకా బాగా దాచాననుకున్నా,” అని, మాలకి మెడ వంచాడు.